రెండు చుట్టలు కాలేంత సేపు

మేం రంగం రేవులో దిగింది వైశాఖ మాసంలో, మిట్టమధ్యాహ్నం. దొరలు రంగూన్ అంటారు, మన రేవుల వాళ్ళకి అది రంగమే. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. గాలి లేదు. ఒంటి మీద ఎర్ర ఉన్ని కోటు, మెడకు బిగుతుగా తోలు పట్టీ, వీపున మూట, భుజాన తుపాకి, నడుముకు తోటాల పెట్టె. ఓడలో ఉన్నన్నాళ్ళూ వంట లేదు. అటుకులూ, వేయించిన శనగలూ, బెల్లమూ నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాయి. ఒడ్డున కాలు పెట్టగానే సగం మంది సిపాయిలు తూలారు. నేల కదలకుండానే ఉంది, వాళ్ళే ఊగుతున్నారు. నేను హవల్దారుని, తూలకూడదు. తుపాకి కర్రలా ఊని నిలబడ్డాను.

మీరంతా నన్ను అడిగేది ఆ ఊళ్ళోని బంగారు గోపురం గురించి. రాజోలు సంతలో ఉల్లిపాయలు కొంటున్నా వదలరు. "ఎంత ఎత్తుంటదండీ? నిజంగా బంగారవేనాండీ?" చూశాను. ఎత్తుగానే ఉంది. బంగారమే. మా నెత్తి మీద పడిన వానే దాని మీదా పడింది. ఇక ఆ సంగతి వదిలేయండి. నేను చెప్పేది ఒక కుర్రాడి గురించి. పేరు నూకరాజు. కాట్రేనికోనకి దిగువన, సముద్రపు ఒడ్డున, పడవలు నడిపే వాళ్ళ పిల్లాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మా కంపెనీలో సిపాయి. అక్కడే పోయాడు.

దిగిన రోజే వాడు నా కంట్లో పడ్డాడు. అందరూ తూలుతుంటే వాడు మాత్రం పెరట్లో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాడు. నీటి అంచుకు పోయి, దోసిట్లో నీళ్ళు పట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" అని అరిచాను.

"ఉప్పు సూత్తన్నానండీ. మన గోదారి మొగలో నీళ్ళ లాగే ఉన్నాయండీ. సగం ఉప్పు, సగం తీపి."

"కుంపిణీ నిన్ను నీళ్ళ రుచి చూడ్డానికి పంపలేదు. వచ్చి వరసలో నిలబడు."

"ఆయ్," అన్నాడు. వచ్చి నిలబడ్డాడు. నవ్వు మాత్రం ఆపుకోలేదు.

పైకి కసిరాను గానీ, నాకూ అలాగే అనిపించింది. అదే బురద రంగు నీరు. అవే మడ చెట్లు, వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకుని. ఒడ్డున ఎర్ర పీతలు. అవతల కొబ్బరి చెట్లు. పటాలంలో అరవ సిపాయిలు కొత్త దేశం చూసి బిక్కమొహాలు వేశారు. మేం గోదారి వాళ్ళం పది మందిమీ మేనమామ ఇంటికి వచ్చినంత ధీమాగా ఉన్నాం. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

ఊరిని అప్పటికే పట్టుకున్నారు. మా కంపెనీని ఊరికి దిగువన ఒక పాయ ఒడ్డున కాపలా పెట్టారు. వెదురు తడికెల పాక, పైన ఆకు కప్పు. చుట్టూ మట్టి గోడ. గోడకు ఆవల పాయ, పాయకు ఆవల అడవి. జ్యేష్ఠం వచ్చేసరికి వాన పట్టుకుంది. ఇక వదల్లేదు. యుద్ధమంటే మీరేం అనుకుంటున్నారో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం యుద్ధమంటే తడి బట్టలు. పొద్దున్న కోటు పిండి తొడుక్కోవడం, మధ్యాహ్నం పిండి తొడుక్కోవడం. చెప్పులకు బూజు. తుపాకి గొట్టంలో తుప్పు. కాలి వేళ్ళ మధ్య ఒరిసి చీము. బియ్యంలో పురుగులు. వాంతి భేది వచ్చిందంటే పొద్దున్న వరసలో ఉన్నవాడు సాయంత్రానికి ఉండేవాడు కాదు. శత్రువును మేం చూసిందే తక్కువ. అడవిలో ఎక్కడో డోలు మోగేది, ఒక తుపాకి పేలేది, మళ్ళీ వానే.

నా కింద పనిచేసే నాయక్ ద్రాక్షారామం వాడు. నోటి దురుసు మనిషి, చెయ్యి మాత్రం మంచిది. దొర కుర్రాడు, మీసం సరిగా మొలవలేదు, చిన్నదొర అనేవాళ్ళం. మాతో హిందుస్తానీలో మాట్లాడేవాడు. నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం చేతులు చూసి పోల్చుకునేవాణ్ణి.

నూకరాజు కాపలాలో ఉండగా ఒక మధ్యాహ్నం నేను గోడ దగ్గరకు వెళ్ళాను. వాన కొద్దిగా సన్నగిల్లింది. వాడు పాయలోకి చూస్తూ నిలబడ్డాడు. మాటల్లో మీ అయ్య ఏం చేస్తాడని అడిగాను.

"పడవండీ. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు సముద్రంలోకి ఎల్లేడు. రాలేదండీ."

"పోయాడన్నమాట."

"అదే తెలవదండీ," అన్నాడు. "మునిగిపోయేడని కొందరన్నారు. ఏదో ఓడ ఎక్కించుకుందని, రంగంలో కట్టెల అడితిలో చూసేవని కొందరన్నారు. మా అమ్మ ఆ రెండో మాటే పట్టుకుందండీ."

మన వైపు ఆనవాయితీ మీకు తెలుసు. మనిషి పోయినట్టు రూఢి కాకపోతే పన్నెండేళ్ళు ఎదురుచూడాలి. ఆ తర్వాత దర్భగడ్డితో మనిషి బొమ్మ చేసి, దాన్ని దహనం చేసి, కర్మ జరిపిస్తారు. అప్పుడు గానీ భార్య గాజులు తీయరు. పన్నెండేళ్ళూ నిండాక కులపెద్దలు వాడి ఇంటికి దర్భలు పట్టుకుని వచ్చారట. సూరమ్మ, అదే వాడి తల్లి, వాళ్ళను గుమ్మంలోంచే పంపేసిందట.

"గడ్డిని తగలెట్టి మా ఆయన పోయేడనమంటారా అందండీ. ఇప్పటికీ కోరంగిలో రంగం ఓడ ఆగిందంటే సాలు, పడవేసుకుని ఎల్లిపోతాది. దిగినోళ్ళ మొహాలన్నీ సూత్తాది. అన్నం వండిన కుండ వండినట్టే ఒగ్గేసి పోతాదండీ." నా వైపు తిరిగాడు. "హవల్దారుగారండీ, మీది రాజోలు కదండీ. మావైపు మనిషే. నాకేవన్నా అయితే మీరే సెప్పాలండీ అమ్మకి. ఉత్తుత్తినే సెబితే నమ్మదు. ఖాయంగా తెలియాలి. నాకోసం కూడా ఆ రేవులో నిలబడకూడదండీ."

నాకు కోపం వచ్చింది. "నోటంట మంచి మాట రాదట్రా నీకు? కాపలా చూసుకో."

"ఆయ్. సెబుతారా అండీ?"

"చెబుతాను. నోర్ముయ్."

ఆషాఢ పున్నమి వెళ్ళిన మర్నాడు, ఇంకా చీకటుండగానే మాకు హుకుం వచ్చింది. ఎగువన ఒక చిన్న పాయ లోపల బర్మావాళ్ళు దుంగలతో కోట కడుతున్నారని కబురు. నిజమో కాదో చూసి రావాలి, కాల్పులు వద్దు. వాళ్ళ దగ్గర పట్టుకున్న పొడుగాటి పడవ ఒకటి మా దగ్గరుంది. చిన్నదొర, నేను, నాయక్, అయిదుగురు సిపాయిలం ఎక్కాం. గెడకర్రతో పడవ తోసేది నూకరాజు. ఇంకొకరికి ఆ పని తెలియదు.

నీరు ఎక్కుతుండగా, పోటుతో పాటే లోపలికి పోయాం. తెల్లారింది. సన్నటి వాన. రెండు పక్కలా మడ చెట్లు వంగి పైన కలుసుకున్నాయి. కొంగ ఒకటి లేచి మా ముందే ఎగురుతూ పోయింది. నూకరాజు గెడ వేస్తుంటే చప్పుడే లేదు. వాడి మొహం చూస్తే పెళ్ళికి పోతున్నట్టుంది. పాయ చివర ఖాళీ జాగా వచ్చింది. నీరు గట్టు అంచు దాకా నిండి, గడ్డిని తాకుతోంది. పడవ గట్టుకు ఆనించాం. అక్కడి నుంచి చెట్ల చాటున నడిచి పోతే కోట కనబడుతుందని కబురు తెచ్చినవాడు ముందే చెప్పాడు.

చిన్నదొర నీళ్ళ వైపు చూపించి ఎంతసేపు ఉంటాయని అడిగాడు. నేను నూకరాజును అడిగాను.

వాడు గెడ నిలువుగా గుచ్చి, నీటి మీద తేలే నురగ చూశాడు. నురగ కదలడం లేదు. "పోటు నిండిందండీ. ఇంక నిలబడతాది. మా అమ్మ చుట్టలు రెండు కాలేంత సేపు కదలదండీ. ఆ తరవాత కూడా మెల్లగానే దిగుతాది."

"నీయమ్మ చుట్టేవన్నా కుంపిణీ గడియారవేంట్రా?" అన్నాడు నాయక్.

"అడ్డపొగ చుట్టండీ మా అమ్మది. నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తాది. మీ చుట్టల్లాగ బుసబుసా కాలిపోదు. మా ఇంట్లో అదే లెక్కండీ. ఎప్పుడూ తప్పలేదు."

అందరం నవ్వాం. నేను చిన్నదొరకు చేతులతో తిప్పి చెప్పాను, రెండు చుట్టలని. ఆయనా నవ్వాడు. గోదారి పాయల్లో పుట్టి పెరిగిన వాణ్ణి నేను. వాడు చెప్పింది మన దగ్గర అక్షరాలా నిజం. దొరా, నేనూ, ఇద్దరు సిపాయిలూ గట్టెక్కి చెట్ల చాటుకు పోయాం.

కోట కడుతున్న మాట నిజమే. దుంగలు పాతుతున్నారు. దొర వేళ్ళతో లెక్క పెట్టుకున్నాడు. వెంటనే తిరిగాం. ఒక్క చుట్ట కాలేంత సేపు కూడా కాలేదు.

వచ్చి చూద్దును కదా, నీళ్ళు లేవు. గడ్డిని తాకుతున్న నీరు రెండు నిలువుల లోతుకు దిగిపోయింది. గట్టు అనుకున్నది నున్నటి బురద వాలు. మిగిలినవాళ్ళు పడవను నీటితో పాటు కిందికి తోయాలని చూసి, సగంలో చిక్కుకుపోయారు. తొడల దాకా బురద. పడవ పక్కకు ఒరిగి, అడుగు గట్టు వైపు, లోపలి భాగం పాయ వైపు పెట్టి కూర్చుంది. మేం చూస్తుండగానే పాయలో మిగిలిన నీరు పారిపోయి జానెడు కాలవ అయింది. గోదారి మొగలో నీరు నడుము ఎత్తు దిగితే అమ్మో అంటాం. అక్కడ తాటిచెట్టు ఎక్కి దిగినట్టు ఎక్కి దిగుతుంది. అదీ పున్నమి వెళ్ళిన మర్నాడు. మా వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. చూడ్డానికి మన ఏరే, నడక వేరు.

నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇదేంటండీ ఇది? ఇలాగ ఎక్కడా ఉండదండీ," అన్నాడు.

నాయక్ వాణ్ణీ, వాడి తల్లినీ కలిపి తిట్టాడు. తిడుతుండగానే గట్టు మీద చెట్లలోంచి మొదటి తుపాకి పేలింది.

అందరం పడవ చాటుకు, పాయ వైపుకు జారాం. ఆ పడవ అడుగు టేకు చెక్క. గుళ్ళు దానికి తగిలి నిలిచిపోయేవి. లేకపోతే ఇప్పుడు మీకు ఈ కథ చెప్పేవాడే లేడు. బురదలో బోర్లా పడుకున్నాం. వాన. సగం తుపాకులు తడిసి పేలలేదు. పేలినవి వంతుల మీద పేల్చాం, వాళ్ళు గట్టు దిగకుండా. వాళ్ళు దిగలేదు. ఆ బురదలోకి దిగితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. తీరిగ్గా కూర్చుని, తల పైకి లేస్తే కాల్చేవాళ్ళు. పొద్దంతా అలాగే. జలగలు పట్టాయి. దాహానికి వాన నీళ్ళే నోరు తెరిచి తాగాం.

నూకరాజు నా పక్కనే ఉన్నాడు.

"మా అమ్మ లెక్క తప్పదండీ," అన్నాడు నెమ్మదిగా.

"మీ అమ్మ లెక్క మీ అమ్మ ఏటికి. ఇది ఇంకో ఏరు. తల దించు."

"ఆయ్."

కొంతసేపటికి మళ్ళీ, "నావల్లే కదండీ?"

"తల దించమన్నానా!" అని మెడ పట్టి బురదలోకి నొక్కాను. ఆ మెడ చిన్నపిల్లాడి మెడలా వెచ్చగా ఉంది.

మూడో జాము దాటాక దూరం నుంచి చప్పుడు వచ్చింది, పొయ్యి మీద ఎసరు మరిగినట్టు. నూకరాజు తల ఎత్తాడు. "పోటండీ. వచ్చేత్తంది." పాయ మలుపులో నీరు నురగ కక్కుతూ కనబడింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. వాడు మాత్రం పడవ కేసి చూస్తున్నాడు.

"హవల్దారుగారండీ, ఇది లేవదండీ. బురద పట్టేసింది. పట్టు విడవకపోతే నీరు మనవైపు నించి లోపలికి వచ్చి నిండిపోతాది. పడవా మునిగిపోతాది, మనవూ మునిగిపోతాం. అడుగు కింద బురద తవ్వి, గెడేసి ఎత్తాలండీ."

అడుగు ఎటుందో చెప్పానుగా. తుపాకుల వైపు. "ఆగు," అన్నాను. "దొరతో చెబుతాను."

"ఆగితే అందరం పోతావండీ."

ఎర్ర కోటు విప్పేశాడు. తోలు పట్టీ తీసి పారేశాడు. ఒళ్ళంతా, మొహమంతా బురద పులుముకున్నాడు. గెడ పట్టుకుని, మొసలి పాకినట్టు పడవ కొస చుట్టి ఆవలికి పాకిపోయాడు. దొర కాల్చమని చెయ్యి ఊపాడు. పేలే తుపాకులన్నీ పేల్చాం. నాయక్ అయితే తల బయట పెట్టి మరీ పేల్చాడు. పడవకు ఆవల వాడు చేతులతో బురద తోడుతున్న చప్పుడు వినబడుతోంది. గబగబా, కుక్క మట్టి తవ్వినట్టు. నీరు మా మోకాళ్ళకు వచ్చింది. నడుముకు వచ్చింది. పడవ కదల్లేదు. నీరు పడవ అంచు మీదికి వచ్చి ఒక గుక్కెడు లోపలికి దూకింది. అయిపోయాం అనుకున్నాను.

అప్పుడు బురద చప్పరించినట్టు పెద్ద శబ్దం. పడవ మా చేతుల్లో తేలికైపోయింది.

"లేచిందండీ!" అని అరిచాడు నూకరాజు. "హవల్దారుగారండీ, లేచింది!"

ఆ ఆనందంలో నిటారుగా నిలబడ్డాడు. గుండు మెడ కింద తగిలింది. అంచు పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు. ఆ చేతులు పట్టుకునే లోపలికి లాగాం. నాయక్ వాడు వదిలేసిన గెడ అందుకున్నాడు. తెలిసీ తెలియక గుచ్చుకుంటూ, ఏడుస్తూ, తిట్టుకుంటూ పడవను మలుపు తిప్పాడు. నూకరాజు తల నా ఒళ్ళో ఉంది. వాన మొహాన పడకుండా వాడి కోటే అడ్డం పట్టాను.

"అమ్మకి..." అన్నాడు.

"ఖాయంగా చెబుతాను. నీ మీద ఒట్టు."

పెద్ద నదిలోకి రాకముందే ప్రాణం పోయింది.

ఎండు పుల్ల దొరకని దేశంలో చితి పేర్చడం ఎంత కష్టమో మీకు తెలియదు. నాయక్ తన పాక దూలాలు పీకి తెచ్చాడు. తను పడుకునే వెదురు మంచం విరగ్గొట్టాడు. చిన్నదొర తన సామాను పెట్టె పగలగొట్టించి పంపాడు. తలకొరివి నేను పెట్టాను. ఏడ్చాను కూడా. హవల్దారు ఏడవకూడదని ఏ హుకుంలోనూ లేదు. నాలుగు ఎముకలు ఏరి, గుడ్డలో మూటకట్టి దాచాను. ఆ రోజు బతికి బయటపడిన ఏడుగురం ఒక మాట అనుకున్నాం. చుట్టల సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదు. పిల్లాడు పొరపాటు చేశాడని ఆ తల్లికి ఎందుకు? వీరుడిలా పోయాడని చెబితే చాలు. నాయక్ కాలికి గాయమై నాకంటే ఒక ఏడాది ముందే ఇంటికి వెళ్ళిపోయాడు. కాట్రేనికోన వైపు వెళ్ళి తనే చెబుతానన్నాడు.

నేను ఆ మరుసటి ఏడు మాఘంలో సెలవు పుచ్చుకుని, టేకు దుంగలు వేసుకొచ్చే వర్తకుల ఓడలో కోరంగి చేరాను. ఓడ దూరాన ఆగితే, చిన్న పడవల మీద రేవుకు దింపారు. మొదటి పడవలో నేనున్నాను. గట్టున జనం. కూలీలు, బేరగాళ్ళు, చుట్టాల కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళకు కొంచెం ఎడంగా ఒకావిడ నిలబడి ఉంది. సన్నటి మనిషి. చేతులకు నిండా గాజులు, నుదుట బొట్టు. నోట్లో అడ్డపొగ. దిగిన ప్రతి మనిషి మొహంలోకీ తొంగి చూస్తోంది. చూసి, వదిలేసి, తర్వాతి మొహానికి పోతోంది. పేరు అడగక్కర్లేకపోయింది.

నా ఎర్ర కోటు చూసి దగ్గరకు వచ్చింది. "ఏ పటాలం బాబూ?"

చెప్పాను.

"మావోడు మీ పటాలమేనండీ. నూకరాజు. ఏ ఓడకి వత్తాడండీ?"

"అమ్మా, మా నాయక్ వచ్చి మీకు చెప్పలేదా?"

"వచ్చేరండీ. మంచి మనిషి. కోటగోడ ఎక్కి, కత్తి దూసి, పది మందిని నరికి పోయేడని సెప్పేరు." చిన్నగా నవ్వింది. "మావోడు కోడిని కొయ్యమంటేనే పారిపోయేవోడు బాబూ. ఎవర్ని సూసి ఎవరనుకున్నారో. మా ఆయన గురించీ ఇలాగే మంచి మంచి కతలు సెప్పేరు. ఇన్నాను. ఆయ్ అన్నాను. ఓడొస్తే మళ్ళీ వత్తానే ఉన్నాను."

నేను మూట తీసి చూపించాను. ముట్టుకోలేదు. "ఎముకలకి పేర్లుంటాయా బాబూ?" అంది, ఎంతో మర్యాదగా. మాట్లాడుతూనే నా భుజం మీదుగా చూస్తోంది. ఓడ నుంచి రెండో పడవ బయల్దేరింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. నాయక్ మీద, మంచితనం పేరుతో మేం అల్లిన ఆ కథ మీద. కాళ్ళు రెండూ రెండు పడవల్లో ఉన్నట్టు నిలబడ్డాను. చెప్పకపోతే ఈవిడ చచ్చేదాకా ఈ రేవులో నిలబడుతుంది. చెబితే, కొడుకు ప్రాణం తీసిన లెక్క తనదేనని తెలుస్తుంది. ఏది తక్కువ పాపమో ఎవరు చెబుతారండీ? కానీ వాడు నన్ను అడిగింది అమ్మను ఓదార్చమని కాదు. ఖాయంగా తెలియాలన్నాడు.

"అమ్మా, కత్తీ లేదు, కోటా లేదు," అన్నాను. "పాయలో పోటు మీద లోపలికి పోయాం. నీరు నిండాక ఎంతసేపుంటుందని వాణ్ణి అడిగాను. నురగ చూశాడు. మా అమ్మ చుట్టలు రెండు కాలేంత సేపు కదలదన్నాడు. అడ్డపొగ చుట్టలు అన్నాడు."

సూరమ్మ నోట్లో చుట్ట తీసేసింది.

"నిలబడలేదా బాబూ, నీరు?"

"ఒక్కటి కూడా కాలలేదమ్మా."

"నేనే సెప్పేనండీ అది." చేతిలోని చుట్ట కేసి చూసింది. "ఆడికి ఆరేళ్ళుంటాయి. యేటి గట్టున ఒళ్ళో కూకోబెట్టుకుని సెప్పేను. పోటు నిండితే భయం లేదురా, రెండు చుట్టలు కాలేదాకా భయం లేదు అని." అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. "ఆడేనండీ. ఇది ఇంకోళ్ళకి తెలవదు. ఆడే. నా లెక్కే సంపేసింది నా కొడుకుని."

"కాదమ్మా." నేనూ ఆ మట్టిలోనే కూర్చున్నాను. పొద్దంతా పడవ చాటున ఎలా ఉన్నామో, పోటు తిరిగి వచ్చినప్పుడు వాడు బురద పట్టు ఎలా విడిపించాడో, లేచిందండీ అని ఎలా అరిచాడో, ఏదీ దాచకుండా చెప్పాను. "ఆ పని వాడికి తెలియకపోతే ఎనిమిది మందిమీ అక్కడే పోయేవాళ్ళం. ఇదిగో, నేను బతికొచ్చాను. మా నాయక్ బతికొచ్చాడు. వాడే బతికించాడు."

"బురద పట్టు వదిలించడం ఆళ్ళయ్య నేర్పేడు," అంది. ఏడ్చింది. రేవులో జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏ తిథి బాబూ?"

"ఆషాఢ పున్నమి వెళ్ళిన పాడ్యమి."

"తలకొరివి ఎవరెట్టేరు?"

"నేనేనమ్మా."

నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. మూట కోసం కొంగు పట్టింది. నేను అందులో పెట్టాను.

ఇన్నేళ్ళూ నన్ను వదలనిది బురద కాదు, తుపాకులు కాదు, వాడి చితి కూడా కాదు. ఆ తర్వాత రేవులో చూసింది. రెండో పడవ వచ్చి గట్టుకు ఆనింది. జనం దిగుతున్నారు. పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు, కేకలు వేస్తున్నారు, కావలించుకుంటున్నారు. ఒక ముసలాయన కూడా దిగాడు, నెరిసిన గడ్డం, చంకలో మూట. సూరమ్మకు మూరెడు దూరం నుంచే నడిచి పోయాడు. ఎవరో ఏమో, ఆయన మొహం నేను చూశాను. ఇన్నేళ్ళూ ప్రతి మొహమూ వెతికిన ఆవిడ చూడలేదు. పడవ వైపు వీపు పెట్టి కూర్చుని, కొంగులో మూటను గట్టిగా ముడి వేసుకుంటోంది. వేసిన ముడి మీదే ఇంకో ముడి. దిగేవాళ్ళంతా దిగిపోయారు. పడవ ఖాళీ అయింది. ఆవిడ ఒక్కసారైనా తల తిప్పలేదు.